తూటా దొరకదు, దొరికినా ధర అందదు: ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు

ఈ మధ్య మా సంఘానికి వచ్చే ప్రశ్నల్లో ఒకటి కొత్తది. రేషన్ కార్డు, జాతి ధ్రువపత్రం, బడిలో తెలుగు సెక్షన్ గురించి ఎప్పుడూ అడుగుతారు. ఇప్పుడు తూటాల గురించి అడుగుతున్నారు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు పల్లెల్లో తాతల నాటి ఒంటి గొట్టం తుపాకో, జంట గొట్టం తుపాకో ఉన్న తెలుగు ఇళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి. లైసెన్సు ఉంది, తుపాకి ఉంది, తూటా లేదు. చెన్నై దాకా వెళ్తే అంగట్లో సరుకు రాలేదంటారు. వచ్చినప్పుడు చెప్పే ధరకు పెద్దాయన నోరు తెరుస్తాడు. ఇక మూడో మాట వస్తుంది: "కాల్చిన గొట్టాలు ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి కదా, మనమే మందు పోసి నింపుకుంటే ఏం?"

ఈ మూడో మాట కోసమే ఇది రాస్తున్నాం. మా జవాబు ముందే చెప్పేస్తాం: వద్దు. ఎందుకు వద్దో, మరి ఏం చేయాలో తరవాత చూద్దాం.

ముందు కొరత సంగతి. మన దేశంలో మామూలు లైసెన్సుదారు వాడే 12 బోరు తూటాలు చాలా కాలంగా ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల నుంచే వస్తున్నాయి. శక్తిమాన్ అనే పేరున్న డబ్బా చూడని తుపాకి ఇల్లు ఉండదు. ఆ కర్మాగారాలన్నిటినీ 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడదీశారు. మందుగుండు తయారుచేసేవి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. వాళ్ళ మొదటి పని సైన్యానికి సరఫరా. పొలం కాపలా రైతు అడిగే పాతిక తూటాలు వరసలో ఎక్కడో చివర ఉంటాయి. విదేశీ సరుకు తెప్పించుకుందామంటే దిగుమతి మీద కట్టుబాట్లున్నాయి. పేరున్న క్రీడాకారులకు ఉన్న వెసులుబాటు మనకు లేదు.

ధర సంగతి ఇంకా దూరం పోతుంది. తూటాలో నాలుగు వస్తువులుంటాయి: గొట్టం, అడుగున కేపు, లోపల మందు, పైన సీసపు గుళ్ళు. సీసం ధర ప్రపంచ మార్కెట్టుతో లేస్తుంది, పడుతుంది. మందు కథ వేరు. ఇప్పటి పొగలేని మందుకు మూల పదార్థం నైట్రోసెల్యులోజ్. అది పత్తి నుంచి వస్తుంది. గింజ నుంచి దూది తీశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు ఉంటుంది చూడండి, దాన్ని ఆమ్లాలతో శుద్ధి చేసి చేస్తారు. మన తమిళనాడులోనే నీలగిరిలో, కొండ రైలు దారిలో అరువంకాడు దగ్గర వందేళ్ళు దాటిన కార్డైట్ ఫ్యాక్టరీ చేసేది ఈ రకం మందే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు గిరాకీ విపరీతంగా పెరిగి ప్రపంచమంతటా ఈ నైట్రోసెల్యులోజ్ కటకటైంది. తుపాకుల దేశమైన అమెరికాలోనే 2024లో మందు ధరలు పెంచారు. చేత్తో తూటాలు నింపుకునేవాళ్ళు కొనే డబ్బా మందులో కొన్ని రకాల సరఫరా ఆగింది కూడా. అక్కడే అలా ఉంటే చెన్నై అంగడివాడిని మాత్రమే తిట్టి లాభం లేదు.

క్రీడాకారుల బాధ మనకంటే పెద్దది. ట్రాప్ పోటీలో ఒక రౌండుకు 25 మట్టి పళ్ళేలు ఎగరేస్తారు, ఒక్కో పళ్ళేనికి రెండు సార్లు కాల్చవచ్చు. అర్హత పోటీ మొత్తం 125 పళ్ళేలు. రోజూ సాధన చేసేవాడికి ఎన్ని తూటాలు కావాలో లెక్క వేసుకోండి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుకు బంగారు పతకం తెచ్చిన ముగ్గురిలో హైదరాబాదు అబ్బాయి కైనాన్ చెనాయ్, పుదుక్కోట్టై పృథ్వీరాజ్ తొండైమాన్ ఉన్నారు. అలాంటివాళ్ళ చేతుల్లో తూటా ఖర్చయితే ఒక అర్థముంది. మన ఇళ్ళలో పది తూటాలు పదేళ్ళు ఉంటాయి. అందుకే మన కొరత అసలు ఎంత పెద్దదో కూడా ఒకసారి ఆలోచించాలి.

తుపాకి దొరికినా గుండు దొరకకపోవడం మనవాళ్ళకు కొత్త కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడింది తుపాకుల కోసం, వాటితో పాటు తూటాల కోసం. ఎవరి దగ్గర ఆయుధం ఉండాలో తెల్లవాళ్ళు 1878 చట్టంతో పట్టి ఉంచిన రోజులవి. స్వాతంత్ర్యం వచ్చి చాలా కాలమైనా ఆ చట్టమే నడిచింది. 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన రోజున కూడా పాత చట్టమే. ఇప్పుడున్న 1959 ఆయుధ చట్టం అమలులోకి వచ్చింది 1962 అక్టోబరు 1న. ఈ తేదీలు ఊరికే చెప్పడం లేదు, చివర్లో వీటితో పనుంది.

ఇక నింపుకోవడం సంగతి. ఈ ఆలోచన రెండు దారుల్లో వస్తోంది. ఒకటి అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో వాట్సాప్‌లో పంపే వీడియో. గ్యారేజీలో బల్ల మీద చిన్న యంత్రం, దాని పక్కన తూకం, ఒక్కో గొట్టంలో మందు కొలిచి పోసి పిడి నొక్కితే తూటా తయారు. చూడ్డానికి కాఫీ పొడి మిల్లు కంటే సులువు. కానీ అక్కడ అది చట్టం ఒప్పుకున్న అలవాటు. ఏ గొట్టానికి ఏ మందు, ఎంత, ఏ కేపు అని తయారీదారు పుస్తకం అచ్చు వేస్తాడు. తూకం గ్రెయిన్‌లో పదో వంతు చూపిస్తుంది. ఒక గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. మన ఇంట్లో ఆ మందూ లేదు, ఆ పుస్తకమూ లేదు, ఆ తూకమూ లేదు.

రెండో దారి పాతది. మందు కూరి కాల్చే నాటు తుపాకి తాతకు ఉండేది, ఆయన చేత్తోనే కొలిచి పోసేవాడు, ఏమీ కాలేదు కదా అంటారు. తాత పోసింది నల్ల మందు. దానికి పొగ ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఆ కాలపు గొట్టం దానికి తగ్గట్టే చేసింది. పొగలేని మందు అదే కొలతకు పోస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు లేచి గొట్టం పగులుతుంది. పగిలే చోటు ఎడమ చెయ్యి పట్టుకునే చోటు, కుడి చెంప ఆనే చోటు. టపాకాయలు విప్పి మందు తీస్తే ఇంకా ఘోరం. చప్పుడు కోసం చేసిన ఆ మందులో అల్యూమినియం పొడి ఉంటుంది. అది గుండును నెట్టదు, ఒక్కసారిగా పేలుతుంది. తుపాకిలో పెట్టడమే కాదు, ఇంట్లో విప్పి కుప్ప పోయడమే ప్రమాదం. దీపావళి నాడు పిల్లవాడి చెయ్యి కాలితే ఎలా ఉంటుందో తెలిసిన ఇళ్ళు మనవి.

చట్టం వైపు చూస్తే సంగతి ఇంకా గట్టిది. మన చేతిలో ఉన్న లైసెన్సు 3వ సెక్షను కింద ఆయుధం దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చింది. తయారీకి వేరే లైసెన్సు కావాలి, అది 5వ సెక్షను. మందుగుండు అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో తూటా భాగాలు, తూటా తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే ఆ చిన్న యంత్రం పార్సిల్లో తెప్పించుకోవడమే ఒక సమస్య. 2019లో చట్టం సవరించాక అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేళ్ళకు తగ్గకుండా, యావజ్జీవం దాకా ఉంది. లైసెన్సు లేకుండా తుపాకి, తూటా దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి అయిదేళ్ళు. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి కాల్చి ఇతరులకు ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. "మా సొంతానికే కదా, అమ్మడం లేదు కదా" అనే వాదన స్టేషన్లో చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, దాని మీద ఆధారపడి ఎవరూ పని మొదలుపెట్టకూడదు. మీ లైసెన్సు కాగితం మీద రాసి లేని పని ఏదైనా చేయాలనిపిస్తే ముందు కలెక్టరు ఆఫీసుకు అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. నోటి మాట చెల్లదు. ఈ మాట నలభై ఏళ్ళు ఫైళ్ళు మోసిన అనుభవంతో చెబుతున్నాం.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తూటా దొరక్కపోతే మందు కోసం నరికురవర్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారు. మన ఇళ్ళలో నక్కలవాళ్ళు అంటాం, ఆంధ్రాలో కూడా ఉన్నారు. పిట్టల వేటకు నాటు తుపాకి వాళ్ళ పాత బతుకుతెరువు. ఎన్నో ఏళ్ళు అడిగితే 2022 డిసెంబరులో పార్లమెంటు వాళ్ళను తమిళనాడు షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చే బిల్లు ఆమోదించింది. ఇప్పుడు వాళ్ళ పిల్లలు బడికి పోతున్నారు. మన పది తూటాల కోసం వాళ్ళని కేసులో ఇరికించడం న్యాయం కాదు. పట్టుబడితే లాయరును పెట్టుకునే స్తోమత మనకైనా ఉంటుంది, వాళ్ళకుండదు.

సరే, మరి అడవి పంది శెనక్కాయ చేను తవ్విపోతే చేతులు కట్టుకు కూర్చోవాలా అంటారు. ఈ ప్రశ్న నిజమైనది. నాగలాపురం కొండల వైపు, నగరి సరిహద్దు వైపు పొలాలున్నవాళ్ళకు చెరకు, శెనక్కాయ రెండూ పందికి ఇష్టమైన తిండే. ఒక రాత్రిలో అర ఎకరం పోతే ఆ ఏటి కూలి ఖర్చు కూడా రాదు.

ఆయుధ చట్టం రైతును మరిచిపోలేదు. 13వ సెక్షను పంట కాపలాకు మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వమంటుంది. అది చాలదని అధికారి అనుకుంటే వేరే నున్న గొట్టం తుపాకికి కూడా ఇవ్వవచ్చు అంటుంది. కానీ తుపాకి ఉంచుకునే హక్కు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నారు. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దాన్ని మూడో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు మార్చారు. అనుమతి లేకుండా కాలిస్తే లైసెన్సు తుపాకితో కాల్చినా నేరమే.

తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ఒక పద్ధతి ప్రకటించింది. అడవి నుంచి ఒక కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టి అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటి వచ్చినదాన్ని కాల్చవచ్చు, ఆ పని అటవీ శాఖ సిబ్బంది చేయాలి. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకు అధికారమిచ్చి, లైసెన్సున్న స్థానికుల చేత కాల్పిస్తున్నారు. ఆ వార్తలు యూట్యూబులో చూసి ఇక్కడా అంతే అనుకోకండి. ఇక్కడ రైతు చేయవలసింది రేంజి ఆఫీసులో ఫిర్యాదు రాసివ్వడం, విఎఓ చేత నష్టం చూపించుకోవడం, ఫోటో తేదీతో తీసిపెట్టడం, పరిహారానికి అర్జీ వేయడం. ఆలస్యమవుతుంది, తెలుసు. అయినా కాగితం లేని నష్టం ఏ ఆఫీసు లెక్కలోకీ రాదు. పదిమంది రైతులు కలిసి రాసిస్తే ఒక్కడు రాసినదానికంటే తొందరగా కదులుతుంది. ఇది కూడా అనుభవమే.

కంచెకు దొంగ కరెంటు పెట్టడం, పిండి ముద్దలో మందు పెట్టి వేయడం, ఈ రెండూ తూటా దొరకనప్పుడు జనం పట్టే అడ్డదారులు. కరెంటు కంచెకు పోయేది పంది ఒక్కటే కాదు, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పోయే మనిషి కూడా. 2020 మే నెలలో కేరళలో చూలు ఏనుగు మందు పెట్టిన పండు కొరికి నోరు పగిలి నీళ్ళలో నిలబడి చచ్చిపోయింది. దేశమంతా చూసింది. ఆ మందు పెట్టింది పంది కోసమే అన్నారు.

ఇప్పుడు ఉన్న తూటాలను, ఉన్న తుపాకిని ఎలా చూసుకోవాలో చెబుతాం. కొరత రోజుల్లో ఇదే అసలైన పొదుపు.

మొదట మీ తుపాకి గొట్టం కొలత తెలుసుకోండి. 12 బోరు తూటాల్లో 65 మిల్లీమీటర్లవి, 70 మిల్లీమీటర్లవి ఉంటాయి. పాత తుపాకులు చాలావరకు 65కు చేసినవి. 70 తూటా అందులో దూరుతుంది, అదే చిక్కు. కాల్చినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. సరుకు లేని రోజుల్లో అంగట్లో "ఇది కూడా పడుతుంది సార్" అని ఇచ్చింది తెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గొట్టం మీద చుట్టలు చుట్టలుగా చార ఉంటే అది డమాస్కస్ గొట్టం, నల్ల మందు కాలానిది. దాన్ని గోడ మీదికో డీలరు దగ్గరికో పంపడమే మేలు. 20 బోరు తూటాను 12 బోరు తూటాలతో ఒకే డబ్బాలో ఎప్పుడూ పెట్టవద్దు. అది 12 గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, వెనక మరో తూటా పెట్టి కాలిస్తే గొట్టం చీలుతుంది.

పాత తూటాల్లో కాగితం గొట్టాలుంటే మన వానాకాలం తేమకు ఉబ్బుతాయి. ఉబ్బినవి, అడుగు ఇత్తడి పచ్చగా మారినవి, గుళ్ళు గలగలలాడేవి వాడకండి. విప్పి చూడకండి. తూటాలు తుపాకి ఉన్న బీరువాలో కాకుండా వేరే తాళం కింద, పొడిగా, వంటింటికి దూరంగా ఉంచండి. కాల్చినప్పుడు టక్కుమని పేలకపోతే వెంటనే విప్పవద్దు. మూతి ఖాళీ చోటు వైపు ఉంచి ఒక నిమిషం ఆగి తరవాత తీయండి.

లైసెన్సు కాగితంలో ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసి ఉంటుంది. దాన్ని చదవండి. కొన్న ప్రతిసారీ డీలరు చేత ఆ కాగితంలో నమోదు చేయించండి, బిల్లు ఉంచండి. కాల్చినవెన్ని, మిగిలినవెన్ని అని ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. కాల్చిన గొట్టాలు పారేయకుండా లెక్కకు ఉంచండి, రెన్యూవల్ వేళ అడిగేవాళ్ళుంటారు. పక్కింటి లైసెన్సుదారు దగ్గర అప్పు తేవడం, మనది ఆయనకివ్వడం మన ఊళ్ళ అలవాటు. చక్కెర గిన్నె అప్పిచ్చినట్టు తూటా ఇవ్వకూడదు. లెక్క తప్పితే ఇద్దరికీ ఇబ్బంది.

ఇక ఇందాక పనుంది అన్న విషయం. మన ఇళ్ళలో ఉన్న కొన్ని తుపాకుల పాత కాగితాలు 1960కి ముందువి. చిత్తూరు జిల్లా ముద్ర, తెలుగులో ఊరిపేరు, తాతగారి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత. ఇప్పటి తమిళ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలి ఉంటుంది, ఊరిపేరు స్పెల్లింగు మారి ఉంటుంది. తుపాకి నంబరు ఒకటే అయినా మనిషి వేరేవాడేమో అని ఫైలు ఆగుతుంది. లైసెన్సుదారు చనిపోయాక ఈ చిక్కు బయటపడితే కుటుంబానికి ఎక్కువ నష్టం. ఎందుకంటే ఆయన పోయిన రోజు నుంచి ఆ తుపాకి ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. కర్మకాండలు అయ్యాక చూద్దాం అని బీరువాలో పెట్టి మరిచిపోయినవాళ్ళున్నారు. అప్పగించినంత మాత్రాన తుపాకి పోదు. వారసులు గడువు లోపల లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు.

పెద్దాయన ఉండగానే చేయడం అన్నిటికంటే మంచిది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, లైసెన్సు ఉండి 25 ఏళ్ళు దాటినా, వారసుడి పేర మార్చమని అడగవచ్చు. వారసుడికి 21 ఏళ్ళు నిండాలి, పోలీసు విచారణ ఉంటుంది. 2019 నుంచి లైసెన్సు గడువు మూడేళ్ళకు బదులు అయిదేళ్ళు. ఒక్కరి పేర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. జాతీయ డేటాబేసులో నమోదై ప్రత్యేక నంబరు లేని పాత పుస్తకం ఇప్పుడు పనికిరాదు, అది ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. రెన్యూవల్ అర్జీ గడువుకు కనీసం రెండు నెలల ముందే పెట్టండి.

కొడుకులు చెన్నైలోనో డల్లాస్‌లోనో ఉండి, పొలం కౌలుకిచ్చి, తుపాకి పరువు కోసమే గోడకున్న ఇళ్ళకు మా సలహా వేరు. కాల్చనిదానికి తూటా కొరత బాధ ఎందుకు? డీలరు దగ్గర అమ్మేసి, కాగితం ముగించి, ఆ రసీదు జాగ్రత్త చేయండి. తుపాకి పట్టుకుని నిలబడ్డ తాతగారి ఫోటో ఉంటే అది గోడకు పెట్టుకోండి, దానికి రెన్యూవల్ అక్కర్లేదు.

పాత తెలుగు కాగితాలున్నవాళ్ళు వాటి జిరాక్సు, ఆధార్, పట్టా, మరణ ధ్రువపత్రం ఉంటే అదీ మా దగ్గరికి తెండి. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి. తెలుగులో ఉన్నదాన్ని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ తిరగరాసి, పేర్ల తేడాకు నోటరీ ప్రమాణపత్రం ఎలా రాయాలో చూపిస్తాం. తుపాకి మాత్రం తేవద్దు, తూటాలూ తేవద్దు. చూపించడానికని సంచిలో తూటా వేసుకొచ్చే పెద్దమనిషి ఎప్పుడో ఒకరు ఉంటారు, అందుకే ముందే చెబుతున్నాం.